పూత మీదే బేరమా?

వరంగల్ చుట్టుపక్కల మామిడి తోటలున్న వారికి ఈ వ్యవహారం కొత్త కాదు. చెట్టు పూత పట్టగానే వ్యాపారి వస్తాడు, తోటంతా కలియదిరిగి ధర కడతాడు. తర్వాత తేనెమంచు పురుగు పట్టినా, గాలివానకు పిందె రాలినా, నష్టం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. పక్వత కనబడకముందే పండ్లను అమ్మడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) వారించారని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ఖర్జూరం ఎర్రబడేదాకానో, పసుపు తేలేదాకానో ఆగాలి. అల్లాహ్ ఆ పంటను ఆపేస్తే తోటి సోదరుని సొమ్ము దేనికి తీసుకున్నట్టు అన్నదే అందులోని ప్రశ్న.

తోటల సంగతి ఫిఖ్హ్ పండితులు చూసుకుంటారు. పిల్లలకు పాఠాలు చెప్పుకునే నా బాధ వేరు. మన ఇళ్లలో పిల్లల మీద కూడా పూత బేరమే నడుస్తోంది. పదిహేడేళ్ల పిల్లవాడి మార్కులు చూసి, వీడు పనికొస్తాడు, వీడు పనికిరాడు అని ధర కట్టేస్తున్నాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత ప్రభుత్వ కమిటీయే తేల్చింది.

ఉర్దూలో బహార్ అంటే వసంతం. కవులకు అది ఏడాదికి ఒక్కటే. దక్కన్ బత్తాయి, దానిమ్మ రైతులకు మాత్రం మూడు బహార్‌లు: జనవరి, ఫిబ్రవరిలో అంబే బహార్, తొలకరికి మృగ్ బహార్, సెప్టెంబరు, అక్టోబరులో హస్త బహార్. కావలసిన బహార్‌కు ముందు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదులుతారు. ఆకు వాడి రాలుతుంది. తెలియనివాడు చెట్టు చచ్చిందనే అనుకుంటాడు. ఆ తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే చిగురుతో పాటు పూత వస్తుంది. మామిడి అయితే ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది ఊరుకుంటుంది. అంటు మొక్క నాలుగైదేళ్లకే కాపుకొస్తుంది, టెంక నుంచి మొలిచినదానికి ఎనిమిది, పదేళ్లు కావాలి. దాన్ని చూసి నేర్చుకో అని ఏ రైతూ చెట్టును తిట్టడు.

హిఫ్జ్ తరగతిలో రెండేళ్లకు ముగించేవాడూ, ఐదేళ్లు పట్టేవాడూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఐదేళ్లవాడి కంఠస్థమే గట్టిగా నిలవడం చాలాసార్లు చూశాను. అన్నిసార్లూ కాదు లెండి.

తొందరపడితే కార్బైడ్ దొరుకుతుంది. నిషేధం ఉన్నా దానితో మాగబెట్టేవారు ఉన్నారు. పైకి పసుపు, కొరికితే పులుపు. తెల్లవారుజామున లేపి, రాత్రి పది దాకా కదలనివ్వని హాస్టల్ చదువులు నాకు ఆ బుట్టలనే గుర్తు చేస్తాయి.

సబ్ర్ అంటే చేతులు ముడుచుకోవడమని కొందరి అభిప్రాయం. బెట్టకు వదిలిన రైతు ఊరికే ఉండడు. నేలను బట్టి రోజులు లెక్కపెడతాడు, రోజూ ఆకు చూస్తాడు. గడువు దాటితే చెట్టే పోతుందని అతనికి తెలుసు. తప్పిన పిల్లవాడినీ అలాగే కనిపెట్టుకుని ఉండాలి. ఫలితాల రోజు రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకండి. దస్తర్‌ఖాన్ దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించండి. సప్లిమెంటరీ ఫీజు సంగతి మర్నాడు మాట్లాడుకోవచ్చు.