మొండికేసిన మర

బలం ఉన్నంత మాత్రాన పని జరగదు, ఒడుపు కావాలి అని మన పెద్దలు ఏనాటి నుండో చెబుతూనే ఉన్నారు. ఆ మాటలోని సత్యం నాకు ఫిల్మ్‌నగర్ కొండవాలులోని ఒక మెకానిక్ షెడ్డులో, నూనె మరకల నేలపై కూర్చున్న నాడు బోధపడింది.

యమహా ఆర్‌ఎక్స్ 100 పేరు ఎరుగని యువకుడు మన నగరంలో అరుదు. 1985లో మన దేశంలో తయారీ మొదలై 1996లో నిలిచిపోయిన ఈ బండి పేరు, 2018లో అదే పేరుతో ఒక తెలుగు చలనచిత్రం వెలువడటంతో కొత్త తరం నోళ్ళలో మళ్ళీ నానింది. జూబ్లీహిల్స్ వీధులలో దాని చప్పుడు విని ముచ్చటపడేవారు ఎందరో! ఆ ఇంజను కవరును పట్టి ఉంచే చిన్న మరలను గురించి ఆలోచించేవారు ఎందరు?

మా నాన్నగారి బండికి క్లచ్ ప్లేట్లు అరిగాయి. గేరు ఆయిలు దించి, ఇంట్లో ఉన్న పేచ్‌కస్‌తో కుడివైపు కవరు విప్పబూనుకున్నాను. రెండు స్క్రూలు వచ్చాయి. మూడవది కదలలేదు. పళ్ళు బిగించి తిప్పాను. పేచ్‌కస్ జారింది, మళ్ళీ జారింది. చివరకు మర తలపై ఉన్న ప్లస్ గుర్తు గుండ్రని గుంటగా మిగిలింది. బండిని తోసుకుంటూ ఫిల్మ్‌నగర్ చేరాను. షెడ్డులోని వృద్ధ ఉస్తాద్ దానిని చూసి, "మర మొండిది కాదు బేటా, నువ్వు తొందరపడ్డావు" అన్నారు.

మర ఎందుకు మొరాయిస్తుంది? ఇంజను కవరు అల్యూమినియం, మర ఉక్కు. ఈ రెండు లోహాల నడుమ తేమ చేరితే అల్యూమినియం క్షయించి తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడి చుట్ల మధ్య ఇరుక్కుని మరను బిగదీస్తుంది. పైగా ప్లస్ తలలన్నీ ఒకటి కావు. 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేర పేటెంటు పొందిన తల ఒక తీరు. జపాను ప్రమాణపు తల మరొక తీరు. చూపునకు కవలలే. కాని జపాను బండి మరలో ఫిలిప్స్ పేచ్‌కస్ అడుగంటా దిగదు, పైపైన తిరిగి అంచులను నమిలివేస్తుంది. నా చేతిలో జరిగినది సరిగా ఇదే.

ఉస్తాద్ మొదట సూదితో మర తలలోని మట్టిని తీశారు. తుప్పు వదిలించే నూనె వేసి, "రేపు రా" అన్నారు. మరునాడు మర తలపై సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు వేశారు. ఆ అదురుకు లోపలి పట్టు సడలుతుందట. తరువాత సుత్తితో కొట్టగానే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌ను మరపై నిలిపారు. దెబ్బ పడగానే అది బిట్‌ను గుంటలోనికి నొక్కుతూనే ఎడమకు తిప్పుతుంది; జారే వీలుండదు. మూడవ దెబ్బకు మర కదిలింది.

అప్పటికీ కదలకపోతే ఏమి చేస్తారని అడిగాను. పెట్రోలు టాంకును విప్పి దూరంగా పెట్టి, కవరును వేడిగాలితో వేడి చేస్తారు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటె సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది గనుక రంధ్రం వదులవుతుంది. అదీ ఫలించకపోతే మర తలను డ్రిల్లుతో తొలిచి తీసివేసి, కవరు ఊడదీసి, బయటికి మిగిలిన కాడను గ్రిప్ ప్లయర్‌తో పట్టి తిప్పుతారు. తల పోగానే బిగువు పోతుంది. కాడ చాలాసార్లు సులువుగానే వస్తుంది. కవరు సందులో పేచ్‌కస్ దూర్చి పెకలించటం మాత్రం మహాపరాధం. అంచు గీరుకుపోతే ఆయిలు కారటం తప్పదు. తిరిగి బిగించేటప్పుడు కొత్త మరలు వేసి, చుట్లకు కాస్త గ్రీజు రాసి, ఎదురెదురు మరలను కొద్దికొద్దిగా బిగించాలి.

"ఇది మెకానిక్ పని, పట్టభద్రులు కాబోయేవారికెందుకు?" అని కొందరు అడుగవచ్చు. కళాశాల వేళల అనంతరం జూబ్లీహిల్స్ ఇళ్ళకు ఆహారపు పొట్లాలు చేరవేస్తూ చదువుకుంటున్న మిత్రులు మనలో ఉన్నారు. వారికి బండి ఆగితే ఆ పూట సంపాదన ఆగినట్లే. కొద్ది రూపాయల మరను అజ్ఞానంతో పాడుచేసి వేల రూపాయల కేసింగును పోగొట్టుకునే స్తోమత వారికి లేదు. అంతేకాదు, లోహాల వ్యాకోచాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న నేను, మర ముందు ఆ పాఠాన్ని మరచాను. ఆ పాఠం చదవని ఉస్తాద్ దానిని చేతితో ఆచరించారు. మా ఇద్దరిలో విద్యావంతుడెవరు?

ఉర్దూలో మరను పేచ్ అంటారు. మెలిక అన్న అర్థం గల ఆ మాట నుండే మన తెలుగు 'పేచీ' వచ్చింది. షెడ్డులో ఉస్తాద్, పేచ్‌కస్, పానా అన్న మాటలు తెలుగు, ఉర్దూ అన్న తేడా లేక అందరి నోటా పలుకుతాయి. మన కళాశాల సాధింపగోరే సామరస్యం అక్కడ ఎవరూ బోధించకుండానే సాగుతున్నది.

కావున పాలకవర్గ పెద్దలకు సవినయంగా ఒక మనవి. వారానికి ఒక గంట, ఒక బల్ల, పాత ఇనుప సామాను కొట్టులో కొన్న ఒక ఇంజను చాలు. ఒక ఉస్తాద్‌ను పిలిచి, తగిన పారితోషికమిచ్చి, మా ముందు గురుపీఠంపై కూర్చోబెట్టండి. పనిముట్ల పేర్లను ఉభయ భాషలలో సేకరించి గోడపత్రికలో ప్రకటించే బాధ్యత విద్యార్థులం మేము వహిస్తాము.

విద్యార్థి మిత్రులారా! మొండికేసిన మర ఎదురైనపుడు మొదట చేతి బలాన్ని ఆపండి. మట్టి తీసి, నూనె వేసి, ఒక రాత్రి ఓపిక పట్టండి.