నెల్లూరు కవి, కన్నడ అగ్రహారం

కన్నడ చిత్రం ‘సంస్కార’ 1970లో వచ్చింది. యు.ఆర్. అనంతమూర్తి 1965లో ప్రచురించిన నవల దానికి ఆధారం. దర్శకుడు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. తెలుగు పాఠకులకు ఆయన ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన పఠాభి. 1939లో పద్యం నడుము విరగ్గొడతానని బయలుదేరిన నెల్లూరు కవి, ముప్పై ఏళ్ల తర్వాత పరాయి భాషలో దర్శకుడిగా తన మొదటి సినిమా తీసి ఆ భాష సినిమానే దారి మళ్లించాడు.

కథ మల్నాడులో, దూర్వాసపురం అనే మాధ్వ బ్రాహ్మణ అగ్రహారంలో జరుగుతుంది. నారణప్ప జ్వరంతో చనిపోతాడు. అది ప్లేగు అని అగ్రహారానికి తెలియదు. బతికుండగా అతడు చేయని అనాచారం లేదు. కట్టుకున్నదాన్ని వదిలి చంద్రి అనే స్త్రీని ఇంట్లో పెట్టుకున్నాడు, మాంసం తిన్నాడు, తాగాడు, సాలగ్రామాన్ని ఏట్లో పారేశాడు, ముస్లిం స్నేహితులతో కలిసి గుడి కోనేట్లో చేపలు పట్టాడు. వెలివేస్తే మతం మారతానని బెదిరించాడు గనక ఎవరూ వెలివేయలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. వెలివేయని బ్రాహ్మణుడి శవాన్ని బ్రాహ్మణుడే దహనం చేయాలి, కానీ ఇలాంటివాడికి నిప్పు పెట్టినవాడికి మైల అంటుతుంది. శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి రాజుకోకూడదు.

ఖర్చుకు ఉంచమని చంద్రి తన ఒంటి మీది నగలన్నీ తీసి అగ్రహారపు పండితుడు ప్రాణేశాచార్యుల ముందు పెడుతుంది. అంతవరకూ నాకొద్దంటే నాకొద్దని తప్పుకున్న బంధువులు గరుడాచార్యుడు, లక్ష్మణాచార్యుడు ఆ బంగారం చూడగానే కర్మాధికారం మాదంటే మాదని పోటీ పడతారు. శాస్త్రం పేరు చెప్పుకుంటున్న ఆశను ఇంత క్లుప్తంగా విప్పి చూపిన ఘట్టాలు భారతీయ సినిమాలో తక్కువ. కడుపు మాడుతున్న కొద్దీ ధర్మచర్చ తిండి చర్చగా మారిపోవడం కూడా కథలో అంతే నిర్మొహమాటంగా కనిపిస్తుంది.

తీర్పు చెప్పవలసినవాడు ప్రాణేశాచార్యులు. కాశీలో చదువుకున్న పండితుడు, రోగిష్టి భార్య సేవను తపస్సుగా చేసుకున్నవాడు. తాళపత్రాల్లో జవాబు దొరకదు. మారుతి గుడిలో రోజంతా కూర్చున్నా దేవుడు పలకడు. తిరిగి వచ్చే దారిలో, అడవి చీకట్లో, చంద్రితో కలుస్తాడు. నారణప్పను ఏ తప్పుకు నిందించాడో అదే తప్పు ఇప్పుడు తనది. ఈలోగా చంద్రి ఒక ముస్లిం బండివాడి సాయంతో శవాన్ని రాత్రికి రాత్రే దహనం చేయిస్తుంది. అగ్రహారమంతా తలపట్టుకున్న సమస్యను వాళ్లిద్దరూ ఒక్క పూటలో తేల్చేస్తారు, కానీ ఆ సంగతి ఊరికి తెలియదు. భార్య కూడా చనిపోయాక ఆచార్యులు ఊరు విడిచి తిరుగుతాడు, మైలలో ఉండి గుడి భోజనానికి కూర్చుంటాడు, చివరికి వెనక్కి బయలుదేరతాడు. చేసింది ఒప్పుకుంటాడో లేదో కథ చెప్పదు.

నవల పుట్టింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో. అక్కడ పరిశోధన చేస్తున్న అనంతమూర్తి, స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన ‘సెవెన్త్ సీల్’ చూశాడు. మధ్యయుగపు ప్లేగు, దేవుడి మౌనం ఆ సినిమా వస్తువులు. తన ఊళ్లో ఆ మధ్యయుగం ఇంకా బతికే ఉందని తోచడం రచనకు దారి తీసింది.

సినిమా జట్టులో అగ్రహారపు మనుషుల కన్నా బయటివాళ్లే ఎక్కువ. స్క్రీన్‌ప్లే, మాటలు రాసి ప్రాణేశాచార్యులుగా నటించిన గిరీశ్ కర్నాడ్ అప్పట్లో మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ సంస్థ ఉద్యోగి, ‘తుగ్లక్’ నాటకకర్త. చంద్రిగా పఠాభి భార్య స్నేహలతా రెడ్డి నటించింది. ఆమె ‘మద్రాస్ ప్లేయర్స్’ ఇంగ్లీషు నాటక బృందపు మనిషి. నారణప్ప పాత్ర రచయిత పి. లంకేశ్‌ది. కెమెరా పట్టింది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్, కళాదర్శకత్వం చోళమండలం చిత్రకారుడు ఎస్.జి. వాసుదేవ్, సంగీతం సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్. సినిమా పని క్షుణ్ణంగా తెలిసిన మన సింగీతం శ్రీనివాసరావు వీళ్లందరికీ వెన్నుదన్నుగా నిలిచాడు. ఆయన కె.వి. రెడ్డి శిష్యుడు. అదే కె.వి. రెడ్డితో జయంతి పిక్చర్స్ తరఫున ‘పెళ్లినాటి ప్రమాణాలు’ తీసిన చరిత్ర పఠాభికీ ఉంది.

శృంగేరి దగ్గరి వైకుంఠపురంలో, లక్ష రూపాయల లోపు ఖర్చుతో షూటింగ్ జరిగింది. స్టూడియో సెట్లు, పాటలు, తళుకులు లేవు. ఈ పొదుపు సినిమాకు మేలే చేసింది. నలుపు తెలుపుల్లో నల్లబడ్డ ఇళ్లు, పంచెకట్టు మనుషులు డాక్యుమెంటరీలోలా కనిపిస్తారు. అయితే లోటు కూడా లేకపోలేదు. నవల రెండో సగమంతా ప్రాణేశాచార్యుల బుర్రలో నడుస్తుంది. తెర మీద ఆ అంతర్మథనం ఒంటరి నడకగానే మిగిలింది. నటుడిగా కర్నాడ్‌కు అదే తొలి సినిమా కావడం కొంత కారణం. స్నేహలత మాత్రం మాటలు తక్కువైన పాత్రలో అందరినీ మించిపోయింది.

కుల విద్వేషాలు రేగుతాయని మద్రాసు సెన్సారు సినిమాను నిషేధించింది. కేంద్రం జోక్యంతో నిషేధం తొలగింది. ఆ ఏడాది జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణ పతకం కూడా ‘సంస్కార’కే దక్కింది. కన్నడ చిత్రానికి ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. వెనకనే కర్నాడ్, బి.వి. కారంత్ కలిసి ‘వంశవృక్ష’ తీశారు. కారంత్ ‘చోమన దుడి’ 1975లో, గిరీశ్ కాసరవళ్లి ‘ఘటశ్రాద్ధ’ 1977లో అదే స్వర్ణాన్ని మళ్లీ బెంగళూరుకు తెచ్చాయి. ‘ఘటశ్రాద్ధ’కు మూలం కూడా అనంతమూర్తి కథే.

పఠాభి దంపతులు సోషలిస్టు నాయకుడు లోహియా అనుయాయులు. ఎమర్జెన్సీలో, 1976 మేలో, బరోడా డైనమైట్ కేసు పేరుతో స్నేహలతను అరెస్టు చేశారు. ఆమె ఉబ్బసం రోగి. విచారణ లేకుండా బెంగళూరు జైల్లో ఎనిమిది నెలలు ఉంచి, ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. అయిదు రోజులకే ఆమె చనిపోయింది. లంకేశ్ నాటకం ఆధారంగా పఠాభి తీసిన ‘చండమారుత’ ఆ ఏడాదే వచ్చింది. తర్వాత ‘శృంగార మాస’, ‘దేవర కాడు’ వచ్చాయి. 2006లో బెంగళూరులో మరణించేనాటికి దర్శకుడిగా ఆయన లెక్క నాలుగు సినిమాలు, నాలుగూ కన్నడమే. ఆయన్ను నిర్మాతగా వాడుకున్న తెలుగు పరిశ్రమ దర్శకుడిగా ఒక్క అవకాశమూ ఇవ్వలేదు.