సైనికులచరిత్రము - గ్రామములకర్తవ్యము

విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిచియున్న కుర్సురా జలాంతర్గామిని చూడవచ్చువారికి కొదువలేదు. 1969 డిసెంబరులో మన నౌకాదళమున ప్రవేశించి, 1971 యుద్ధమున పాల్గొని, 2001 ఫిబ్రవరిలో సేవనుండి విరమించిన యా నౌక 2002 మొదలు ప్రదర్శనశాలయై వెలసినది. 2017లో టీయూ 142 విమానమును దాని సమీపముననే నిలిపిరి. ఆ నౌకలోని యిఱుకు గదులలో నడచినవారికి నావికుని జీవిత మెంత కఠినమో యొక గడియలో బోధపడును. ఇది మెచ్చదగిన కార్యము. అయినను యుద్ధయంత్రమును నిలుపుట యొకయెత్తు. యుద్ధమునకు పోయిన మనుష్యుని చరిత్రమును నిలుపుట మఱియొకయెత్తు. ఈ రెండవ కార్యము పట్టణమున మాత్రమే జరుగునది కాదు. ఆ మనుష్యుడు పుట్టిన గ్రామమున జరుగవలెను.

పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరమునకు మిలిటరీ మాధవరమని పేరు. ప్రపంచయుద్ధముల కాలమునుండి తరతరములుగా సైన్యమునకు బిడ్డల నంపిన గ్రామమది. కుమాళ్లకు మేజరు, సుబేదారు అని పేళ్లుపెట్టుకొన్న కుటుంబము లచ్చట కలవు. అమరులైనవారికి స్మారకమును నిర్మించుకొనిరి. కాని శిల పేళ్లను మాత్రమే మోయగలదు. ఆ పురుషు డేల పోయెనో, ఏ దేశమున నేమి చూచెనో, ఇంటనున్న యిల్లా లెట్లు దినములు గడపెనో శిల చెప్పదు. అది చెప్పగలిగిన జాబులు, పతకములు, విడుదలపత్రములు ఇండ్లలోని పెట్టెలయందు చెదలపాలగుచున్నవి.

పరప్రభుత్వమునకు కొలువుచేసినవారిని స్మరింపనేల యని కొంద ఱడుగవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. మొదటి ప్రపంచయుద్ధమున పదిలక్షలకు మించిన భారతీయులు సముద్రములు దాటి పోరాడిరి. రెండవ యుద్ధాంతమునకు భారతసైన్యము ఇరువదియైదు లక్షలకు పెరిగెను. 1939లో మన ప్రజాప్రతినిధుల సమ్మతి నడుగకయే రాజప్రతినిధి మనలను యుద్ధమునకు దింపెను. మనము కోరని యా యుద్ధము 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలమీద జపానువారి బాంబులరూపమున వచ్చిపడెను. జీతమునకు పోయినవారును, గౌరవమునకు పోయినవారును మనవారే. కీర్తించుట వేఱు, తెలిసికొనుట వేఱు. చరిత్రశాల పని రెండవది. అచ్చట పతకముప్రక్కన ఆకలియు, విజయముప్రక్కన పరాధీనతయు కనబడవలెను.

దీనికి లక్షలు వెచ్చింపనక్కఱలేదు. ఎన్టీఆర్ జిల్లాలోని రెడ్డిగూడెము వంటి మెట్టగ్రామమున సైతము పంచాయతీవారు గ్రంథాలయమునందో పాఠశాలయందో యొక గది నీయవచ్చును. భూస్వాములు నాలుగు అద్దపుబీరువాల నీయవచ్చును. మాజీసైనికుల పేళ్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములయందు నమోదై యుండును. ఉపాధ్యాయులు వారి మాటలను, వారి తల్లుల, భార్యల మాటలను చేతిఫోనులలోనే పదిలపఱుపవచ్చును. అసలు పత్రములు కుటుంబముల యధీనముననే యుండవలెను. నకళ్లు మాత్రము గదిలో నుండిన చాలును. ఎవరిసొత్తు వారికి దక్కునను నమ్మక మున్ననేగాని పెట్టెలు తెఱువబడవు. ఒక కులమునకో, పక్షమునకో చెందిన గదిగా మాఱిన దినమున దానిని మూసివేయుటయే మేలు.

ఆలస్యమునకు వ్యవధి లేదు. రెండవ ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చినవారు దాదాపుగా గతించిరి. 1971లో పోరాడినవారు డెబ్బదియేండ్లు దాటిరి. వారు పలుకగలిగియుండగనే వినుట గ్రామపెద్దల విధి. వారి యనంతరము మనము కట్టు భవన మెంత యున్నతమైనను, అందు పెట్టుటకు పేళ్లేగాని మాటలు మిగులవు.