కాగితానికెక్కని ఆట

1877 మార్చిలో మెల్‌బోర్న్‌లో తొలి క్రికెట్ టెస్టు. ఆస్ట్రేలియా బ్యాటర్ బానర్‌మన్ 165 పరుగులు కొట్టి, వేలికి దెబ్బ తగిలి తప్పుకున్నాడు. ఆ వేలు కూడా చరిత్రకెక్కింది! జులైలో తొలి వింబుల్డన్ టెన్నిస్ పోటీ: 22 మంది ఆటగాళ్లు, ఫైనల్‌కు షిల్లింగు టికెట్టు, రెండొందల మంది జనం. పోటీ ఆటలు అక్కడే పుట్టాయనడం మాత్రం అతి. అప్పటికి మన కరీంనగర్ జిల్లా కేంద్రమే కాదు. 1905 దాకా ఆ హోదా ఎలగందులది. అయినా ఇక్కడి పల్లెల్లో చిర్రగోనె ఆట ఉంది: గుంత మీద అడ్డంగా చిన్న కర్ర, దాన్ని పెద్ద కర్రతో ఎగరేసి కొట్టడం, పడ్డచోటు నుంచి గుంతదాకా అదే కర్రతో కొలవడం. కొలత దగ్గర తగాదా మామూలే. గెలుపోటములు, నియమాలు, లెక్క అన్నీ ఉన్నాయి. రాసే గుమాస్తా ఒక్కడే లేడు. ఈ ప్రాంతాన్ని ఏలిన నిజాం పందెం గుర్రాలకైతే 1886లో హైదరాబాద్ మలక్‌పేటలో మైదానమే దొరికింది.