అడగడానికి వెనుకాడిన ప్రశ్న

బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడానికై 1960 దశకంలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని నిర్మించారు. నేటికీ ఖనిజం ఆ దారిలోనే దిగుతున్నది. మన రోగులు కూడా ఆ దారిలోనే దిగుతున్నారు. పాసింజరు పెట్టెలో కిటికీ పక్కన, స్కానింగు ఫిల్ములున్న పెద్ద కవరును ఒడిలో పెట్టుకొని కూర్చున్న దంపతులను చూడనివారు మనలో అరుదు. వారు ఎక్కడికి వెళుతున్నారో అడగనవసరం లేదు. ఆ ప్రయాణానికి ఎంత ఖర్చవుతున్నదో మాత్రం ఎవరూ అడగరు, వారూ చెప్పరు.

ఈ మాసం మా శీర్షికలో క్యాన్సర్ చికిత్సకయ్యే ఖర్చు గురించి, ముఖ్యంగా ఆ ఖర్చును గూర్చి వైద్యునికీ రోగికీ మధ్య జరగవలసిన సంభాషణ గురించి ముచ్చటించదలచాము. సంస్థ వైద్య సదుపాయం గల మనకు ఈ ప్రస్తావన ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చును. ఆ సదుపాయం మనకూ, మనపై ఆధారపడినవారికీ మాత్రమే వర్తిస్తుంది. ఊళ్లో వ్యవసాయం చేసుకొనే అన్నగారికి, పెళ్లయి వెళ్లిన ఆడపడుచుకు, మన బజారులో దుకాణం నడుపుకొనే ఇరుగుపొరుగుకు, గనిలో కాంట్రాక్టరు క్రింద పనిచేసే కూలీకి వర్తించదు. ఆపద వచ్చినపుడు వారు ముందుగా వచ్చేది మన గుమ్మంలోకే.

కొన్ని సంవత్సరాల క్రిందటి సంగతి. శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చి, ఇరవై ఏండ్లకు పైగా ఇక్కడి బజారులో చిన్న ఇడ్లీ హోటలు నడిపిన ఒక పెద్దమనిషి ఉండేవారు. మొదటి షిఫ్టుకు వెళ్లేవారిలో ఆయన చేతి ఇడ్లీ తిననివారు లేరు. గుట్కా అలవాటున్నది. బుగ్గ లోపల పుండు లేచి, ఆరు మాసాలైనా మానలేదు. పరీక్షలో క్యాన్సర్ అని తేలినది. మేమే వెంట వెళ్లి ఒక పెద్ద ఆసుపత్రిలో చూపించాము. డాక్టరుగారు మంచివారు, జబ్బు గురించి ఓపికగా వివరించి, మూడు వారాలకొకసారి ఇవ్వవలసిన ఇంజెక్షన్ వ్రాశారు. “ఎంతవుతుందండీ?” అని అడగాలని ఆయన మా వైపు చూశారు. అంత పెద్ద వైద్యుని ఎదుట డబ్బు ప్రస్తావన తేవడం మర్యాద కాదని మేము తల దించుకున్నాము. “దేవుడిలాంటి వారు, మీరేం చెబితే అదే డాక్టరుగారూ” అని ఆయన లేచారు.

మూడవ ఇంజెక్షన్‌కు హోటలు అమ్ముడుపోయినది. నాలుగవ దానికి వెళ్లలేదు. రెండు మాసాల తరువాత నొప్పి భరించలేక తిరిగి వెళ్లినపుడు డాక్టరుగారు కారణమడిగారు. అప్పటికి గాని మేము నోరు విప్పలేదు. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “ముందే చెప్పి ఉంటే బాగుండేదండీ. ఇంతకన్నా తక్కువలో, మీరు చివరిదాకా వాడగలిగిన మందుతోనే మొదలుపెట్టేవాడిని” అన్నారు. మరి మీరైనా అడగలేదేమని మేము అనలేదు, అనే అర్హత మాకు లేదు. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేరు. మందు మారి ఉంటే బ్రతికేవారా అన్నది ఎవరమూ చెప్పజాలము. అప్పు మాత్రం కొడుకు తీరుస్తున్నాడు.

ఇరువురూ మౌనం వహించడం వల్ల జరిగిన నష్టమిది. రోగి తన పేదరికాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. డబ్బు లేదంటే మంచి మందు ఇవ్వరేమోనని భయపడతాడు. వైద్యుడు డబ్బు ప్రస్తావన తెస్తే రోగి నొచ్చుకుంటాడని సంకోచిస్తాడు. కాగా క్యాన్సర్ చికిత్సలో వెలలు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటాయో తెలిస్తే ఈ మౌనం ఎంత ఖరీదైనదో బోధపడుతుంది.

మన హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా ఉదంతమే చూడండి. మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ అనే మందును బేయర్ కంపెనీ నెలకు దాదాపు 2,80,000 రూపాయలకు విక్రయించేది. 2012 మార్చిలో భారత పేటెంట్ల కంట్రోలరు, పేటెంటుదారు అనుమతితో నిమిత్తం లేకుండా, ఆ మందును తయారుచేసే నిర్బంధ లైసెన్సును నాట్కోకు మంజూరు చేశారు. నెలకు సరిపడే అదే మందు 9,000 రూపాయల లోపుకు దిగివచ్చినది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కంపెనీ అప్పీలును కొట్టివేయడంతో, ఒక రకం రక్తక్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ కూడా మన దేశంలో తక్కువ ధరకే లభించడం కొనసాగినది. మందు ఒకటే అయినా, చీటీపై ఏ పేరు వ్రాసినారన్న దానిని బట్టి ఖర్చు మారుతుంది.

కొనుగోలు చేసే తీరును బట్టి కూడా మారుతుంది. 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ సభ్య ఆసుపత్రులు కొన్ని కలసి 40 మందులను ఉమ్మడిగా కొనుగోలు చేసినపుడు, మందును బట్టి 23 నుండి 99 శాతం వరకు ఆదా అయినది. 2019లో కేంద్ర ధరల నియంత్రణ సంస్థ 42 క్యాన్సర్ మందులపై వ్యాపారుల లాభాన్ని 30 శాతానికి పరిమితం చేసినది.

చికిత్సా విధానంలోనూ తేడా ఉన్నది. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు, ముదిరిన నోటి, గొంతు క్యాన్సర్ రోగులకు నివోలుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్‌ను మామూలు మోతాదులో పదవ వంతు కన్నా తక్కువగా, చవకైన మాత్రలతో కలిపి ఇచ్చి పరిశీలించారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాది తరువాత జీవించి ఉన్నవారు సుమారు 16 శాతం కాగా, ఈ చిన్న మోతాదు కూడా తీసుకొన్నవారిలో 43 శాతం. రొమ్ము క్యాన్సర్‌కు 25 రోజులు ఇచ్చే రేడియేషన్‌ను చాలామందికి 15 రోజులలోనే పూర్తిచేయవచ్చునని బ్రిటనులో జరిగిన పరిశోధనలు తేల్చాయి. బస్తర్ నుండి వెళ్లి లాడ్జిలో దిగే కుటుంబానికి ఆ పది రోజులు ఎంత పెద్ద ఆదాయో వేరే చెప్పనక్కరలేదు.

వైద్యులు నోరు విప్పితే ఏమి జరుగుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉన్నది. 2012 అక్టోబరులో న్యూయార్క్‌లోని ప్రసిద్ధ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రికి చెందిన ముగ్గురు వైద్యులు, జాల్‌ట్రాప్ అనే కొత్త మందు పాతదానికన్నా మెరుగైనది కాకపోయినా రెట్టింపు ధర పలుకుతున్నందున తమ ఆసుపత్రిలో వాడబోమని పత్రికాముఖంగా ప్రకటించారు. కొద్ది వారాలలోనే కంపెనీ ధరను సగానికి తగ్గించినది. అంతటి సంపన్న దేశంలో వైద్యులకు లేని మొహమాటం మనకెందుకు?

కనుక చికిత్స ఆరంభించే ముందే ఈ ప్రశ్నలను కాగితంపై వ్రాసుకొని వెళ్లవలసిందిగా మా మనవి. మొత్తం చికిత్సకు, మొదటి నుండి చివరి వరకు, ఎంతవుతుంది? ఈ మందు వల్ల జబ్బు నయమవుతుందా, లేక కొంతకాలం అదుపులో ఉంటుందా? ఇదే మందు వేరే పేరుతో తక్కువ ధరకు దొరుకుతుందా? దీనికి బదులు వాడదగినది మరొకటి ఉన్నదా? ఎన్ని రోజులు ఇక్కడ ఉండాలి, ఎన్నిసార్లు రావాలి? మధ్యలో ఆపవలసివస్తే ఏమవుతుంది? చివరిగా, “మేము ఇంతవరకే భరించగలం” అన్న మాటను కూడా నిస్సంకోచంగా చెప్పవలెను. జ్వరం ఎంత ఉన్నదో చెప్పడం వంటిదే ఇదీ. అది తెలియకుండా వైద్యుడు సరియైన నిర్ణయం తీసుకోలేడు.

తోడ్పడే సదుపాయాలు కొన్ని ఉన్నాయి. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ క్రింద అర్హత గల కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. 2024 నుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా దానిని వర్తింపజేశారు. ఆంధ్రలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తొలి విడత జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. పైన చెప్పిన పెద్దమనిషికి స్వగ్రామంలో కార్డు రద్దయినది, ఇక్కడ కొత్తది తీసుకోలేదు. ఇరవై ఏండ్లు రెండు రాష్ట్రాల మధ్య బ్రతికి ఏ పుస్తకంలోనూ పేరు లేకుండా మిగిలారు. మన కాలనీల చుట్టూ అటువంటివారు ఇంకా ఎందరో ఉన్నారు. జబ్బు రాకముందే వారి కార్డుల సంగతి విచారించడం మనం చేయగలిగిన మేలు. చికిత్సకై వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపరు, మూడవ తరగతి ఏ.సి. పెట్టెలలో రైల్వేవారు ఛార్జీ పూర్తిగా మినహాయిస్తారు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గిస్తారు. ఆసుపత్రి వైద్యుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం ఉంటే చాలును. విశాఖ సమీపంలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నదన్న విషయం కూడా మన రైలు దారివారు గుర్తుంచుకోదగినది.

అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో నయమయ్యేది తొలి దశలో పట్టుబడిన జబ్బే. గుట్కా, ఖైనీ, పళ్లకు రుద్దే గుడాకు మన ప్రాంతంలో విరివిగా వాడుకలో ఉన్నాయి. నోటిలో మూడు వారాలకు మించి మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపిస్తే వెంటనే చూపించుకోవలెను. ఆ రోజు అడిగే ఖర్చు ప్రశ్నకు జవాబు ఇంకా మన అందుబాటులోనే ఉంటుంది.

ఆసుపత్రులలో తమకెదురైన అనుభవాలను, ఖర్చు విషయమై వైద్యులతో జరిపిన సంభాషణలను పాఠకులు మాకు వ్రాసి పంపవలసిందిగా కోరుతున్నాము. పేర్లు ప్రకటించము. తదుపరి సంచికలో వాటిలో కొన్నింటిని, సమాధానాలతో సహా, అందరితో పంచుకోగలము.