ఇంజిన్ ఒక్కటే మారిస్తే చాలదు

పాత పడవకు కొత్త ఇంజిన్ బిగించడం మరమ్మతు కాదు, పడవను మళ్లీ కట్టడమే. ఆ సంగతి రేవుకు అర్థం కావాలి.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాడు ముందుగా బానెట్ ఎత్తి చూస్తాడు. సెకండ్‌హ్యాండ్ మరపడవ కొనేవాడూ అదే చేస్తాడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. దారిలో ఇంజిన్ ఆగితే కారు రోడ్డు పక్కన నిలబడుతుంది. నడి ఏట్లో ఆగిన పడవకు దాని ఒళ్లే దిక్కు. అయినా రేవులో బేరమంతా ఇంజిన్ చుట్టూనే తిరుగుతుంది. ఎన్ని హార్స్‌పవర్? ఎన్నేళ్లు నడిచింది? గంటకు ఎన్ని లీటర్లు తాగుతుంది? ఇంజిన్ చెడిన పడవ చవకగా వస్తుంది కాబట్టి దాన్ని కొని, ఎక్కడో దొరికిన మరో ఇంజిన్ బిగిస్తే గట్టెక్కినట్టేనని చాలామంది లెక్క.

ఈ లెక్క ఉపఖండమంతటా ఉంది. సుందర్బన్స్‌లో తిరిగే నాటు మరపడవలకు ఇంజిన్ చప్పుడును బట్టి ‘భుట్‌భుటి’ అని పేరొచ్చింది. బంగ్లాదేశ్‌లో 1980లలో పొలాల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజిన్లను తెచ్చి నాటు పడవలకు బిగించారు. తెరచాపల కాలం చూస్తుండగానే ముగిసింది. చవకైన ఇంజిన్ పేదవాడి పడవకు వేగాన్నిచ్చింది, రోజుకు ఇంకో రెండు ట్రిప్పుల కూలినిచ్చింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ తెడ్డుకూ తెరచాపకూ పుట్టిన పడవ ఇంజిన్ అదురుకు తట్టుకుంటుందా అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ వెనకబడిపోయింది.

కేరళ ఈ పాఠాన్ని ముందే నేర్చుకుంది. 1950లలో కొల్లం దగ్గర నీండకరలో ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు మొదలైనప్పుడు తొలి ఆలోచన, స్థానిక పడవలకే ఇంజిన్లు పెట్టడం. అవి ఇంజిన్‌కు సరిపడవని తేలాక యంత్రానికి తగ్గట్టు కొత్త పడవలు కట్టే దారి పట్టారు. విదేశీ నిపుణులు, నిధులు ఉన్నచోటే అలా జరిగితే, రేవులో మామూలు మెకానిక్ ఒక్కడే ఏం చేయగలడు?

అసలు ఇబ్బంది ఎక్కడ? లారీ ఇంజిన్‌నే తీసుకుందాం. లారీలో దాన్ని చల్లబరిచేది రేడియేటర్‌కు ఎదురొచ్చే గాలి. పడవ పొట్టలో ఆ గాలి ఉండదు. ఏటి నీటినో సముద్రపు నీటినో తోడి, ఆ చల్లదనాన్ని ఇంజిన్‌లో తిరిగే మంచినీటికి అందించే ఏర్పాటు కావాలి. ఉప్పునీటిని నేరుగా ఇంజిన్‌లోకి పంపితే లోపలి నుంచే తుప్పు తింటుంది. లారీ ఇంజిన్ దాదాపు చదునుగా కూర్చుంటుంది. పడవలో షాఫ్టు వాలును బట్టి వెనక్కి ఒరగాలి. ఆ వాలు శ్రుతిమించితే అడుగున ఉన్న ఆయిల్ ఓ పక్కకు చేరి, పంపుకు అందకుండా పోతుంది. ఇంజిన్ అమ్మినవాడు ఇవేవీ చెప్పడు. కొన్నవాడు అడగడు.

తర్వాతిది షాఫ్టు. గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్టు కలిసే చోట రెండు ఇనుప బిళ్లలు ఎదురెదురుగా ఉంటాయి. అవి 4 అంగుళాల వెడల్పువైతే, మధ్యనున్న సందులో ఏ వైపు చూసినా తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదన్నది ఈ వృత్తిలో పాటించే కొలత. కాగితం మందమంత అన్నమాట. అది తప్పితే పడవంతా వణుకుతుంది, బేరింగులు అరుగుతాయి, షాఫ్టు బయటకు వెళ్లే రంధ్రం దగ్గర నీరు చేరుతుంది. ఈ కొలత గట్టుమీద ఒకలా, నీటిలో ఒకలా ఉంటుంది. దిమ్మలమీద కూర్చున్న పడవ ఒళ్లు నీటిలోకి దిగాక కొద్దిగా వంపు మారుతుంది. అందుకే నీటిలో దించి, ఓ రోజైనా ఆగి, మళ్లీ సరిచూడాలి. గట్టుమీదే బిగించేసి డబ్బు తీసుకునే పనిలో ఎక్కువసార్లు జారిపోయేది ఈ ఒక్క రోజే.

హార్స్‌పవర్ మోజు మరొకటి. నీటిని తోసుకుంటూ సాగే బరువైన పడవకు పొడవే వేగాన్ని నిర్ణయిస్తుంది. నీటి మట్టం దగ్గర 36 అడుగుల పొడవుంటే దాని సహజ వేగం సుమారు 8 నాట్లు, అంటే గంటకు 15 కిలోమీటర్లు. ఆపైన రెట్టింపు శక్తిగల ఇంజిన్ పెట్టినా పెరిగేది అల, డీజిల్ ఖర్చే. వేగం పెరిగేది అంతంతమాత్రమే. పాత ప్రొపెల్లర్‌నే ఉంచితే అదో తలనొప్పి. ఇంజిన్‌కు అది మరీ పెద్దదైతే ఎంత రేజ్ చేసినా పూర్తి వేగం అందుకోలేక నల్ల పొగ కక్కుతుంది, వేడెక్కుతుంది. లోపం ఇంజిన్‌దేనని యజమాని మెకానిక్‌తో తగువు పెట్టుకుంటాడు.

అన్నిటికన్నా కంటికి కనపడని అంశం బరువు. పాత ఇంజిన్ మొద్దుది, బరువైనది. పడవ అడుగున కూర్చుని ఇన్నేళ్లూ దాన్ని నిలకడగా ఉంచింది కూడా అదే. దాన్ని తీసేసి తేలికైన కొత్త ఇంజిన్ పెట్టగానే పడవ కాస్త పైకి తేలుతుంది, బరువు కేంద్రం కూడా పైకి జరుగుతుంది. ఆ తేలికదనాన్ని చూసి యజమాని పైన ఇంకో డెక్, నీడకు రేకుల కప్పు, నాలుగు బెంచీలు వేస్తాడు. ప్రయాణికులు ఫొటోల కోసం ఒకే పక్కకు వచ్చిన రోజున కింద లేని ఆ బరువు విలువ తెలుస్తుంది.

ఇది ఊహ కాదు. కేరళలోని తానూరులో 2023 మే 7న పర్యాటకుల పడవ బోల్తా పడి 22 మంది చనిపోయారు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించడం ఒక కారణమైతే, మొదట చేపల వేటకు కట్టిన పడవను పర్యాటకానికి మార్చారన్నది దర్యాప్తులో బయటపడిన మరో సంగతి. చేపల పడవలో బరువు కింద ఉంటుంది. జనం పడవలో పైన ఉంటుంది.

ఇంజిన్ బిగించాక జరిపే పరీక్ష సంగతీ అంతే. 2024 డిసెంబర్ 18న ముంబయి హార్బర్‌లో ఎలిఫెంటాకు వెళుతున్న ప్రయాణికుల ఫెర్రీని నౌకాదళ స్పీడ్‌బోటు ఢీకొని 15 మంది మరణించారు. ఇంజిన్ పరీక్షలు చేస్తుండగా లోపం తలెత్తి బోటు అదుపు తప్పిందని నౌకాదళం ప్రకటించింది. శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న చోటే ఇలా జరిగిందంటే, ప్రయాణికుల దారిలో ఇంజిన్ పరీక్షలు చేయకూడదన్న నియమం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ప్రభుత్వాలకూ ఈ విషయం కొత్త కాదు. వారణాసిలో గంగపై తిరిగే డీజిల్ పడవలకు సీఎన్‌జీ ఇంజిన్లు అమర్చే పని గెయిల్ సహకారంతో 2021లో ఊపందుకుంది. గ్యాస్ నింపడానికి నీటిమీదే తేలే స్టేషన్ కట్టారు. పొగ తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ అక్కడా ప్రశ్న అదే. సిలిండర్ల బరువు పడవలో ఎక్కడ కూర్చుంటుంది? ఆ పాత చెక్కలకు కొత్త అదురును మోసే ఓపిక ఉందా? దీనికి భిన్నమైన దారి కేరళలోని వైకోం దగ్గర కనిపిస్తుంది. 2017 జనవరిలో అక్కడ మొదలైన 75 సీట్ల సౌర ఫెర్రీ ‘ఆదిత్య’ను మోటారు, బ్యాటరీల బరువును దృష్టిలో పెట్టుకుని మొదటి నుంచీ తేలికైన జంట ఒళ్లతో కట్టారు. అందరూ కొత్త పడవ కొనలేరు, నిజమే. కొత్త పడవకు వేసే లెక్కను పాత పడవకు వేయడానికి మాత్రం అంత డబ్బు అక్కర్లేదు.

చట్టం లేదా అంటే, ఉంది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం నదులు, కాలువల్లో తిరిగే మరపడవల భద్రతను ప్రభావితం చేసే మార్పులకు ముందుగా అనుమతి తీసుకోవాలి. కానీ సర్వేయర్ ఎక్కడో నగరంలో ఉండి, ఇంజిన్ మార్పిడి ఏటిగట్టున ఓ చెట్టు కింద జరిగిపోతే ఆ అనుమతి కాగితానికే పరిమితం. పాపికొండల దారిలో తిరిగే బోటైనా, ఊరి రేవులో జనాన్ని దాటించే పడవైనా, ఇంజిన్ మారిన ప్రతిసారీ సర్వేయరే రేవుకు రావాలి. చిన్న యజమానికి ఆ ఫీజు భారం కాకూడదు.

కొనేవాడు పాటించాల్సిన వరుస కూడా ఒకటుంది. ముందు ఒళ్లు: ఇంజిన్ కూర్చునే దూలాలను చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది, కుళ్లింది బొద్దుగా పలుకుతుంది. ఫైబర్ పడవైతే పైపొర మెరుస్తున్నా లోపలి చెక్క మెత్తబడి ఉండొచ్చు. తర్వాత షాఫ్టు, చుక్కాని. ఆ తర్వాత బరువుల లెక్క. ఇంజిన్ ఎంపిక చివర్న. అది బిగించాక ఎగ్జాస్ట్ గొట్టం ఎంత ఎత్తుకు లేచి కిందికి వంగుతుందో చూడాలి. లేకపోతే నీరు వెనక్కి పాకి సిలిండర్లలో చేరుతుంది. నీరు గాలిలా అణగదు కాబట్టి స్టార్ట్ చేయగానే లోపలి రాడ్లు వంగిపోతాయి. ఆఖరున ప్రయాణికులెవరూ లేకుండా, ఖాళీ నీటిలో పరీక్ష.

ఇంత చేశాక, పడవ పనికిరాదని తేలినా తేలొచ్చు. అలాంటప్పుడు ఇంజిన్‌పై డబ్బు పెట్టకుండా వదిలేయడమే లాభం. రేవులో పోయిన బేరం డబ్బుతో పోతుంది. నడి ఏట్లో తేలిన తప్పును డబ్బుతో సరిదిద్దలేరు.