కొండమీద రాక్షసులే ఎందుకుండాలి?

పిల్లలు పాచికలు పట్టుకున్నారంటే మన పెద్దవాళ్ళకి ధర్మరాజే గుర్తొస్తాడు. "ఇంట్లో ఈ జూదమేమిటమ్మా" అన్నారు మా అత్తయ్యగారు. జూదం కాదు, కథ చెప్పుకోవడం అని ఆవిడకి నచ్చజెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. నా గొడవ మాత్రం జూదం గురించి కాదు.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలో పాత్ర తీసుకుంటారు. "వాగు దగ్గరికొచ్చారు, వంతెన కొట్టుకుపోయింది, ఏం చేస్తారు?" అని మాస్టర్ అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. అది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. వారం వారం ఆగినచోట మళ్ళీ ఎత్తుకుంటారు. అలా నెలల తరబడి సాగే కథ పేరు క్యాంపెయిన్.

బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని కదా, నాకు వెంటనే మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు తట్టాయి. మణిసిద్ధుడు మజిలీకో కథ చెప్తూ శిష్యుణ్ణి కాశీ దాకా నడిపిస్తాడు. ఇక్కడ తేడా ఏమిటంటే శిష్యుడే కథలోకి దిగిపోయి, "నేనటు రాను, ఇటు పోతాను" అంటాడు. కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమ్మీద అక్షరాలా జరిగిపోతుంది. అంత సుఖం ఏ డంజన్ మాస్టర్‌కీ ఉండదు. మూడు రాత్రులు కూర్చుని కట్టిన కోటవైపు ఆడేవాళ్ళు కన్నెత్తి చూడకుండా, దారిలో ఊరికే చెప్పిన మేకల కాపరితో కబుర్లు పెట్టుకుంటారు. మా అమ్మాయి ముఖం చూడాలి అప్పుడు!

లోకం కట్టడం మనకి మాత్రం కొత్తా? సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళమే. అద్దం ముక్క చెరువవుతుంది, ఆవాలు చల్లితే పొలం మొలుస్తుంది. ఏ బొమ్మ ఏ మెట్టు మీద కూర్చోవాలో మనమే తేలుస్తాం. నా గొడవంతా ఆ మెట్ల దగ్గరే.

పదో తరగతి పరీక్షలయ్యాక మా అమ్మాయి తన సొంత లోకం మొదలుపెట్టింది. డ్రాగన్ల కోటలు కాకుండా మన వైపు నేలనే తీసుకుందని మొదట మురిసిపోయాను. మ్యాపులో కింద మైదానంలో ఒక పట్నం, అంటే మా నర్సీపట్నమే. అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు, పైన చలికొండ. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని చెప్పుకుంటారు. ఆ మాట పట్టుకుని మంచు శాపం అల్లింది. బాగుంది. ఆ పైన అడవిలో ఎవరున్నారంటే కొమ్ములున్న రాక్షసులు. పట్నంవాళ్ళు వీరులు, కొండెక్కి వాళ్ళని చంపి నిధి తెచ్చుకోవాలి.

ఆడేవాళ్ళలో చింతపల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్ల ఒకతె ఉంది. పాచిక పక్కన పెట్టి, "ఏటే, కొండమీద ఉన్నోళ్ళందరూ రాక్షసులేనా?" అంది. మావాళ్ళు "ఆటే కదే" అన్నారు.

ఆటే కదా అని నేననను. సినిమాలో అయితే ఎవడో కొడితే మనం చూస్తాం. ఇందులో "నేను నరుకుతున్నాను" అని పిల్లలు తమ నోటితో చెప్పాలి, అదీ ప్రతివారం. పైగా అది గాల్లోంచి ఊడిపడిన రాక్షసుడు కాదు. సంతలో వాళ్ళ పసుపు, రాజ్మా గీచి గీచి బేరమాడి కొంటూ మనం "కొండోళ్ళు" అనే తీరు పిల్లల చెవిన పడకుండా ఉంటుందా? 2022లో జిల్లాలు విడదీశాక మేం అనకాపల్లిలో, చింతపల్లి అల్లూరి జిల్లాలో పడ్డాం. గీత అంతకు ముందే ఉంది.

చరిత్ర చూస్తే కథ తిరగబడుతుంది. 1882 అడవి చట్టం పోడు వ్యవసాయానికి అడ్డొచ్చింది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత రోడ్డు పనులు చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరగడానికి ముందున్న కథ అది. కొండకి బయటినుంచి ఎక్కినవాళ్ళు ఎప్పుడూ వీరులు కారు.

ఆ ఆట అమ్మే కంపెనీయే 2020లో ఓర్కులూ డ్రౌలూ పుట్టుకతో దుర్మార్గులన్న చిత్రణ మారుస్తామని ఒప్పుకుంది. 2024 నియమాల పుస్తకంలో 'జాతి' అనే అర్థం వచ్చే మాటే తీసేశారు. వాళ్ళకే పట్టినప్పుడు మనకి పట్టదా?

అలాగని అల్లూరిని హీరో చేసేసి చేతులు దులుపుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఒక పిల్లవాడు రామరాజు వేషం కట్టాడనుకోండి, మిగతా నలుగురూ అతని వెనక నడవాల్సిందే. గాం గంటం దొర, మల్లు దొర పేర్లయినా మనకి తెలుసు. రాత్రిపూట వాళ్ళకి బియ్యం మోసిన ఆడవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు? పాత్రలు కావాలంటే వాళ్ళవి తీసుకోండి అన్నాను. మా అమ్మాయి మూతి ముడిచింది, "అమ్మా, నువ్వు సిలబస్ చేసేస్తున్నావ్" అని. అందులోనూ కొంత నిజం లేకపోలేదు.

చివరికి దారి చూపింది ఆ చింతపల్లి పిల్లే. పైన సగం మ్యాపు నాకివ్వు, నేను నడుపుతానంది. ఇద్దరు కలిసి కట్టకూడదని ఎక్కడా లేదు. 1983లో వచ్చిన రావెన్‌లాఫ్ట్ అనే పేరున్న కథని ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు కలిసే రాశారు. ఇప్పుడు ఆ సగంలో రాక్షసులు లేరు. గొలుసులు పట్టుకొచ్చి చెట్లని కొలిచి కాగితం మీద రాసుకుని పోయే మనుషులున్నారు, కింద నుంచి వస్తారు, వాళ్ళకి నీడ పడదు. నాకే ఒళ్ళు జలదరించింది.

ఇంకో నియమం కూడా పెట్టిందా పిల్ల. కొండ దిగి పట్నం సంతలో సరుకు అమ్మిన ప్రతిసారీ, తూకం సరిగ్గా వేశారో లేదో పాచికతో తేల్చాలి. పద్నాలుగు, ఆ పైన పడితేనే సరైన తూకం. ఇప్పటిదాకా ఒక్కసారే పడింది.